పార్కు షెడ్డులో పడమటి స్తంభం

నేను ఒక ఇనుప స్తంభాన్ని. మనిషికి రెండింతల ఎత్తు, లోపల డొల్ల. డొల్ల అన్నానని చులకన చేయకండి. మైకుల ముందు నిలబడే పెద్దమనుషుల్ని నేను చాలామందినే చూశాను. నా డొల్లతనం కనీసం బరువు మోస్తుంది.

కొలిమిలో కరిగి, గొట్టంలా చుట్టుకుని, లారీ ఎక్కి నేను మొదట చేరింది ఒక సినిమా హాలు సైకిల్ స్టాండుకి. అక్కడ నా పని సైకిళ్ల మీది రేకుని మోయడం. ఇంటర్వెల్లో నా మీద బీడీలు ఆర్పేవారు. ప్రేమికులు మేకుతో పేర్లు గీకేవారు. ఒక మహానుభావుడు ముగ్గురమ్మాయిల పేర్ల పక్కన వేర్వేరు పండుగలకి తన పేరే గీకాడు. అవన్నీ ఒంటి మీద మోసుకుంటూ నేను నోరు మెదపలేదు. హాలు కూలగొట్టాక పాత ఇనుము కొట్లో తుప్పు పడుతూ పడుకున్నాను. నా కథ అక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడొచ్చారు సన్యాసిరావు గారు. అనకాపల్లి దగ్గర గౌరీనగర్ కాలనీ సంఘానికి ఆయన అధ్యక్షుడు. రిటైరైన గుమాస్తా, మంచి మనిషి. కాకపోతే పై అధికారి అనుమతి లేకుండా తుమ్మడానికి కూడా జంకుతారు. కాలనీ పార్కులో పూలమొక్కలున్నాయి, నడిచే బాట ఉంది, నలుగురు కూర్చునే నీడ మాత్రం లేదు. అదే సమయంలో అంగన్‌వాడీ అద్దెగది పైకప్పు పెచ్చులూడి పడుతోందని ఆయా నూకరత్నం సంఘం మీటింగుకి వచ్చి గోల పెట్టింది. పార్కులో ఒక షెడ్డు వేస్తే పొద్దున పిల్లలు, సాయంత్రం పెద్దలు కూర్చోవచ్చంది. అందరికీ నచ్చింది. అలా నన్నూ నా తోటివాళ్లని ముగ్గురినీ కొని, తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు వేశారు. బీడీ మచ్చలు పోయాయి. పేర్లు మాత్రం రంగు కిందనుంచి ఇంకా కనిపిస్తాయి.

నక్షా గీసిన ఇంజినీరమ్మ పేరు హిమజ. నాలుగు స్తంభాలు, పైన రేకులు, అంతే. నా కాలికింద ఇనుప పలక పెట్టి, బోల్టులతో సిమెంటు దిమ్మకి బిగించారు. వెళ్తూ వెళ్తూ ఆమె సన్యాసిరావు గారికి మరీ మరీ చెప్పింది. "గాలి ఇటునుంచి అటు పోవాలండీ. గోడలు గానీ పరదాలు గానీ కట్టించకండి. అడ్డం పెట్టారంటే కప్పు లేచిపోద్ది." ఆయన బుద్ధిగా తలూపారు.

ప్రారంభోత్సవానికి వార్డు నాయకుడు చినసత్యం గారొచ్చి రిబ్బను కత్తిరించారు. బోర్డు మీద 'విశ్రాంతి మండపం' అని రాయించారు. జనం మాత్రం షెడ్డనే అన్నారు. "అంగన్‌వాడీ పిల్లలు ఇక్కడే కూర్చోవచ్చు, ఇది నా మాట," అని ఆయన మైకులో చెబితే చప్పట్లు మోగాయి. నూకరత్నం కూడా కొట్టింది గానీ, ఆ మాట ఇచ్చినాయనకి కోపమొస్తే పిల్లలు మళ్లీ ఆ పెచ్చులూడే గదికే పోవాలని ఆమెకి బాగా తెలుసు. మిగతా స్తంభాల సంగతేమో గానీ, నేను ఆ రోజునుంచే ఆ పిల్లల్ని నావాళ్లనుకున్నాను. నన్ను పట్టుకుని గిర్రున తిరిగేవారు. జిడ్డు చేతులు నాకే తుడిచేవారు. సుఖంగా ఉండేది.

వైశాఖంలో చినసత్యం గారి పుట్టినరోజు వచ్చింది. ముందురోజే అనుచరులు పెద్ద ఫ్లెక్సీ తెచ్చారు. రోడ్డు పడమటివైపుంది కాబట్టి, పడమటి స్తంభాలమైన నాకూ నా జతగాడికీ మధ్య పైనుంచి కిందిదాకా బిగించారు. నవ్వుతున్న ముఖం, నల్లకళ్లద్దాలు, మెడలో గజమాల. పోయినేడాది ఎదుటి వర్గంవాళ్లు తాళ్లు విప్పేశారట. అందుకని ఈసారి బైండింగు వైరు చుట్టి కటింగ్ ప్లేయరుతో మెలితిప్పారు. ఇక దాన్ని ఎవడూ విప్పలేడని వాళ్లకి మహా సంబరం. సన్యాసిరావు గారు చూశారు. ఇంజినీరమ్మ మాట గుర్తొచ్చినట్టే ఉంది. గొంతు సవరించుకున్నారు, తర్వాత ఫ్లెక్సీకి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు, పుట్టినరోజు నాడే, టీచరమ్మ మీటింగుకి వెళ్లింది. పిల్లలతో నూకరత్నం ఒక్కతే ఉంది. సాంబారులోకి ఆనపకాయ కోస్తోంది. సన్యాసిరావు గారు ఎండకి తాళలేక వచ్చి ఓ మూల పేపరు తిరగేస్తున్నారు. ఉన్నట్టుండి పడమర నల్లబడింది. కాకులు అరవడం మానేశాయి. మొదటి గాలి ఫ్లెక్సీని తాకగానే నా కాలి బోల్టులు కిర్రుమన్నాయి. ఇంతకాలం బరువంటే పైనుంచి కిందికి పడేదేననుకున్నాను. ఇది నన్ను కిందనుంచి పైకి పెరుకుతోంది. నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది.

నూకరత్నం లేచి నా మీద చెయ్యి వేసింది. నా వణుకు ఆమెకి తెలిసింది.

"బాబూ, గాలి తేడాగా ఉంది. ఆ ఫ్లెక్సీ విప్పించీండి."

"నాయకుడు గారిది కదమ్మా. ఒక మాట అడగాలి," అని ఆయన ఫోన్ తీశారు.

చినసత్యం గారి ఫోన్ బిజీ. మళ్లీ చేశారు. బిజీ. ఊరంతా శుభాకాంక్షలు చెబుతోంది మరి. ఈలోగా నూకరత్నం నా నడుముకున్న వైరు పీకి చూసింది. వేళ్లు తెగాయి గానీ వైరు కదల్లేదు. పిల్లల్ని తీసుకుని గేటువైపు పరుగెత్తబోయింది. అప్పుడే బాటకి అడ్డంగా గేటు పక్కనున్న తురాయి చెట్టు కొమ్మ విరిగి పడింది. దాంతోపాటు కరెంటు తీగ కూడా తెగి నేలమీద చిటపటలాడింది. ఇక బయటికి దారి లేదు. పిల్లలు ఆమె చీర పట్టుకుని ఏడుస్తున్నారు.

రెండో గాలి వచ్చింది. ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బింది. చినసత్యం గారి బుగ్గలు పూరీల్లా పొంగాయి. నా కాలి కింద ఒక బోల్టు తెగింది. పలక ఒక పక్క దిమ్మనుంచి లేచింది. పైన రేకులు దడదడమంటున్నాయి. అవి లేస్తే ఊరికే పోవు, మా నలుగురినీ లాక్కుని పిల్లల మీదే పడతాయి. ఇంకొక్క గాలి, అంతే. మిగిలిన బోల్టుల్ని నాకున్న బలమంతా పెట్టి పట్టుకున్నాను.

నూకరత్నం ఆనపకాయ పక్కనున్న కత్తి అందుకుంది.

"ఏయ్, ఏటి చేస్తున్నావ్?" సన్యాసిరావు గారు చెవి దగ్గర ఫోన్ తీయకుండానే అడ్డం వచ్చారు. "అది ఆయన ముఖం! ఆయనకి తెలిస్తే రేపు పిల్లలకి ఈ నీడ ఉండదు!"

"రేపటికి పిల్లలుండాల గదా బాబూ. తప్పుకోండి."

ఆయన కదల్లేదు. చేతిలో కత్తి, ఎదురుగా ఆ పెద్దమనిషి, వెనక ఏడుపులు. నా కాలు ఇంకాస్త లేచింది. ఆ చప్పుడుకి సన్యాసిరావు గారు కిందికి చూశారు. దిమ్మకీ పలకకీ మధ్య వేలు దూరేంత సందు. ఆయన ముఖం పాలిపోయింది. ఫోన్ దించి పక్కకి జరిగారు.

ఆమె పక్కనున్న బల్ల ఎక్కి, చెయ్యందినంత పైనుంచి గుచ్చి కిందికి లాగింది. నల్లకళ్లద్దాలు, మీసం, నవ్వు, గజమాల, అన్నీ రెండుగా చీలాయి. ఆ సందులోంచి గాలి హోరున దూసుకొచ్చి అటువైపు వెళ్లిపోయింది. నా కాలు ధబ్బున దిమ్మ మీద పడింది. కొంచెం వంగిపోయాను గానీ నిలబడ్డాను. ఆ తర్వాతే జోరువాన మొదలైంది. నూకరత్నం కింద కూలబడి పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని అప్పుడు ఏడ్చింది.

వాన తగ్గుతుండగా సన్యాసిరావు గారి ఫోన్ మోగింది. చినసత్యం గారే. "అబ్బే, ఏం లేదండీ, జన్మదిన శుభాకాంక్షలు చెబుదామని," అన్నారు ఈయన. నేను మనిషినైతే నవ్వేవాణ్ని.

మర్నాడు చినసత్యం గారు మందీమార్బలంతో వచ్చారు. రెండు ముక్కలై వేలాడుతున్న తన ముఖాన్ని చూసుకున్నారు.

"గాలికి చిరిగిందండీ," అన్నారు సన్యాసిరావు గారు తొందరగా.

చినసత్యం గారు చీలిక అంచుని వేలితో తడిమారు. గాలి అంత తిన్నగా కోయదు. "ఎవరు కోసింది?" అని నెమ్మదిగా అడిగారు. ఆ నెమ్మది గాలికన్నా భయంగా ఉంది. నూకరత్నం పిల్లలవైపు చూసింది. అబద్ధం నోట్లోనే ఉంది, దాన్ని మింగేసింది.

"నేనేనండి."

"ఆయావి కదూ నువ్వు? నా మాట మీద ఇక్కడ కూర్చుని..."

"నేనే కొయ్యమన్నానండీ." సన్యాసిరావు గారు ఒక అడుగు ముందుకి వేశారు. "సంఘం అధ్యక్షుడిగా చెప్పాను. ఆవిడ చేసింది. ఏమైనా అంటే నన్ను అనండి. ఇదిగో, ఈ కాలు చూడండి."

అది పచ్చి అబద్ధం. ఒంటి మీద పేర్లు గీకించుకున్న నాకు అబద్ధాలు కొత్త కాదు, కానీ ఇంత మంచిది అంతకుముందు వినలేదు. చినసత్యం గారు వంగి నా తెగిన బోల్టుని చూశారు. చాలాసేపు చూశారు. పక్కనే ఒక పిల్ల గిన్నె నేలమీద పెట్టుకుని కోడిగుడ్డు తింటూ ఆయనవైపు చూస్తోంది. ఆయన లేచి, "ఇకమీదట నా ఫ్లెక్సీ గోడకి కట్టండిరా," అని కసిరి, ఆ పిల్లతో ఫోటో దిగి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా గోడ మీద కొత్త ఫ్లెక్సీ వెలిసింది. గాలివానలో చిన్నారులకి అండగా నిలిచిన నాయకుడికి ధన్యవాదాలట. పోనీలెండి, గోడకేగా.

వంగిన నన్ను తీసేసి కొత్త స్తంభం పెట్టారు. మళ్లీ పాత ఇనుము కొట్టుకే అనుకున్నాను. సన్యాసిరావు గారు ఒప్పుకోలేదు. రెండు దిమ్మల మీద అడ్డంగా పడుకోబెట్టి, షెడ్డు పక్కనే కూర్చునే గట్టుగా చేయించారు. ఎవరినీ అడక్కుండానే చేయించారు. రోజూ పొద్దున ఆయన నామీదే కూర్చుంటారు. కత్తితో పాటు కూరలబుట్ట తెచ్చుకుని నూకరత్నం పక్కన చేరుతుంది. ఎవడైనా చుట్టిన ఫ్లెక్సీ చంకన పెట్టుకుని షెడ్డువైపు వస్తే ఇద్దరూ తలెత్తి చూస్తారు. వాడు గోడవైపు తిరుగుతాడు.

ఇప్పుడు నాకు కాళ్లూ లేవు, బోల్టులూ లేవు. అయినా పడమర నల్లబడితే చాలు, పాత భయం లేస్తుంది. పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా గట్టిగా పట్టుకుంటాను. పిల్లలు నా మీద వరసగా కూర్చుని కాళ్లూపుతూ ఉంటారు.