లెక్కలోకి రాని చప్పుడు

మేడ మీద తీగకు అత్తగారి చీర ఆరేస్తుండగా కాలేజీలో శాఖాధిపతి శ్రీహరి సార్ ఫోన్ చేశాడు. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, నోట్లో క్లిప్పు పట్టుకొనే నిరోషా ఆయన చెప్పిందంతా విన్నది. యూనివర్సిటీ పాత ఆన్‌లైన్ పోర్టల్‌ను నెలాఖరుకు మూసేస్తున్నదట. పాఠాలు, వీడియోలు, ప్రశ్నలు అన్నీ కొత్త పోర్టల్‌లోకి మార్చాలట. ఏ కాలేజీ పాఠాలు ఆ కాలేజీయే మార్చుకోవాలట. తాండూరు కాలేజీ తరఫున ఆ పని ఎవరు చేస్తారని స్టాఫ్ మీటింగులో అడిగితే అందరూ ఆమె పేరే చెప్పారట. ఆ మీటింగుకు ఆమెను పిలవలేదు. కాంట్రాక్టు లెక్చరర్లను పిలవరు. "మీకైతే ఓపికెక్కువ కదమ్మా," అన్నాడాయన. నిరోషా నోట్లోంచి క్లిప్పు తీసి చీరకు పెట్టి, సరే సార్ అన్నది.

ఓపిక అనే మాట ఆమెకు కొత్త కాదు. కొడంగల్ నుంచి వికారాబాద్‌లోని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అత్త చంద్రవ్వ వచ్చిన చుట్టాలందరికీ అదే చెప్పేది, మా కోడలికి ఓపిక మస్తు అని. మార్కెట్ యార్డు ఆఫీసులో పనిచేసే భర్త కుమారస్వామి కూడా అదే అంటాడు, కాకపోతే ఎత్తిపొడుపుగా. గంత ఓపిక కాలేజీకే పెడితే ఇంట్లకేం మిగుల్తది అంటాడు. మొదట్లో ఆ మాటలు గుచ్చుకునేవి. ఇప్పుడు బస్టాండులో మైకు మాటల్లా చెవిన పడి పోతాయి. పన్ను పీకే ముందు ఇచ్చే సూదికి దవడ మొద్దుబారినట్టు, లోపల ఎక్కడో మొద్దుబారింది. ఎప్పుడన్నది ఆమెకే తెలియదు.

మర్నాటి నుంచి పొద్దున రైలుకు తాండూరు చేరి, క్లాసులు అయ్యాక కంప్యూటర్ ల్యాబులో కూర్చోవడం మొదలుపెట్టింది. మిగతా లెక్చరర్లు తమ పాస్‌వర్డులు వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకున్నారు. కొత్త పోర్టల్ పెద్ద వీడియోలు తీసుకోదు. ప్రతిదీ మొదటి నుంచి చూసి ముక్కలు చేయాలి. ప్రతి ముక్క కింద విద్యార్థులకు ఒక ప్రశ్న పెట్టాలి. ప్రశ్న లేకపోతే పాఠం ఎక్కదు. వీడియోల్లో చాలావరకు లాక్‌డౌన్‌లో ఎవరి ఇంట్లో వాళ్ళు తీసినవి.

చరిత్ర చెప్పే బాలప్ప సార్ పాఠాల్లో చప్పుడే ఉండదు. గంటసేపు కాకతీయుల గురించి మాట్లాడుతుంటే ఇంట్లో గిన్నె కదిలిన శబ్దం కూడా వినిపించదు. ఒక పాఠంలో మాత్రం పక్క నుంచి గాజుల చేయి ఒకటి వచ్చి, బల్ల మీద చాయ్ గ్లాసు పెట్టి, వెళ్ళిపోయింది. ఆయన అటు చూడలేదు. గ్లాసు అందుకొని తాగి గణపతిదేవుడి దగ్గరికి వచ్చాడు. ఆ చేయి ఎవరిదో నిరోషాకు తెలియదు. ఆ ఇంటినంతా గంటసేపు ఊపిరి బిగబట్టించి ఉంచింది ఆ చేయే అయి ఉంటుంది. ఆమె ఆ ముక్కను కత్తిరించి పక్కన పెట్టి, తర్వాతి వీడియో తెరిచింది.

తన పాఠాలు చివరికి మిగిలాయి. నిరోషాది అర్థశాస్త్రం. జాతీయాదాయం పాఠంలో తెల్లగోడ ముందు, ఇప్పటికన్నా సన్నగా ఉన్న ఒక మనిషి కూర్చొని ఉంది. జీతం తీసుకొని వంట చేస్తే అది జాతీయాదాయంలోకి వస్తుంది, అదే వంట ఇల్లాలు తన ఇంట్లో చేస్తే లెక్కలోకి రాదు అని చెబుతున్నది. వెనక కుక్కర్ కూత వేసింది. నిరోషా, పప్పు మాడుతున్నట్టుందే, నేనే దించుతున్న అని చంద్రవ్వ గొంతు. ఆ వెంటనే కుమారస్వామి గొంతు: "గోడతోని మాట్లాడుకుంట కూసుంటే రొట్టెలు ఎవలు చేస్తరు?" వీడియోలో మనిషి ఒక్క నిమిషం అని లేచిపోయింది. తర్వాత ఖాళీ కుర్చీ, గోడ. జొన్నరొట్టె తట్టే చప్పుడు. తువ్వాల ఏడ పెట్టినవని అతను అడగడం, ఆమె వెతికి ఇవ్వడం. చాలాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చొని, కెమెరాలోకి చూసి నవ్వింది. "లెక్కలోకి రాదు అని చెప్పుకుంటున్నం కదా," అని పాఠం అందుకుంది.

నిరోషాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ నవ్వు దగ్గర వీడియో ఆపి చూసింది. తప్పు చేసి దొరికిన పిల్ల నవ్వినట్టుంది. ఎవరిని క్షమించమని అడుగుతున్నదో అర్థం కాలేదు. అప్పుడా వీడియో చూసిన పిల్లలు తమ ఇళ్ళల్లో ఏ మూలన కూర్చొని ఉన్నారో, వాళ్ళనూ ఎవరైనా నీళ్ళు తెమ్మనో పశువులను కట్టెయ్యమనో మధ్యలో లేపి ఉంటారు.

ఆమె పాఠాలే బాగున్నాయని, యూనివర్సిటీ వాళ్ళకు చూపించడానికి శ్రీహరి సార్ వాటినే ఎంచాడు. శాఖాధిపతి కాబట్టి పైన తన పేరు పెట్టమన్నాడు, కింద సాంకేతిక సహకారం అని ఆమె పేరు. ఆమె అలాగే పెట్టింది. ఆయన జాతీయాదాయం వీడియో కొంచెం చూసి తల అడ్డంగా ఊపాడు.

"గా ఇంటి లొల్లి తీసెయ్యమ్మా. వాళ్ళు చూస్తే కాలేజీ ఇజ్జత్ పోతది."

ఆయన వెళ్ళాక కత్తిరించింది. కుక్కర్, పప్పు, గోడ, రొట్టెలు, తువ్వాల అన్నీ పోయాయి. మిగిలిందాన్ని నడిపి చూసింది. బాలప్ప సార్ పాఠంలా ఉంది. ఎక్కడా ఆగకుండా, ఎవరూ పిలవకుండా, ఆకలి లేని ఇంట్లో కూర్చున్నట్టు ఒక ఆడమనిషి ఇంటి పని లెక్కలోకి రాదని చెప్పుకుంటూ పోతున్నది. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా అంతా అబద్ధంలా ఉంది. నిరోషా కత్తిరించిందంతా వెనక్కి తెచ్చింది. కింద ప్రశ్న అడిగే గడిలో ఇలా టైపు చేసింది: "ఈ పాఠంలో మీకు వినిపించిన పనులు ఏవి? ఏ పని ఎవరు చేశారు? వాటిలో జాతీయాదాయంలోకి వచ్చేవి ఏవి?" పాఠం పోర్టల్‌కు ఎక్కింది. శ్రీహరి సార్ మళ్ళీ చూడలేదు. యూనివర్సిటీ వాళ్ళు కూడా పాఠాలు ఎక్కాయా లేదా అన్నదే చూశారు.

విన్నది పిల్లలే. మొదటి జవాబు కుమారస్వామి మేనకోడలు అక్షర నుంచి వచ్చింది. కోట్‌పల్లి పిల్ల, తాండూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నది. "పాఠం చెప్పింది మేడం. రొట్టెలు చేసింది మేడం. పప్పు దించింది వాళ్ళ అత్తగారు. తువ్వాల వెతికింది మేడం. లెక్కలోకి వచ్చేది పాఠం ఒక్కటే. తువ్వాల అడగడం పని కాదు కాబట్టి రాయలేదు," అని రాసింది. నిరోషా పూర్తి మార్కులు వేసి, తర్వాతి జవాబు తెరిచింది. సాయంత్రం రైల్లో, ధారూర్ దాటాక, కిటికీ పట్టుకున్న తన చేయి కంటబడింది. చాలా రోజుల తర్వాత ఆ చేయి తనదేనని తెలిసినట్టు, దాన్నే చూస్తూ వికారాబాద్ దాకా వచ్చింది.

అక్షర ఆ సంగతి తల్లికి చెప్పింది. తల్లి అన్నకు ఫోన్ చేసింది. ఆదివారం అన్నం ముందు కూర్చొని కుమారస్వామి, అందరూ నవ్వుతున్నరట కదా అన్నాడు. చంద్రవ్వ తన గొంతు కూడా ఉందా అని అడిగింది. ఉందని నిరోషా చెప్పింది. ఏమంటున్ననని ముసలామె అడిగితే, పప్పు సంగతి చెప్పింది. "అవ్, నేనే దించిన," అన్నది చంద్రవ్వ మెల్లగా, ఎన్నో ఏళ్ళ తర్వాత గుర్తొచ్చినట్టు.

కుమారస్వామి గిన్నె పక్కకు జరిపాడు. "రేపు పొద్దున పోంగనే నా గొంతు అండ్లకెల్లి తీసెయ్."

"తియ్యరాదు."

"ఎందుకు రాదు?"

నిరోషా తన కంచంలో అన్నం పెట్టుకొని అతనికి ఎదురుగా కూర్చుంది.

"పరీక్షల వస్తది."