మంట తెలియని కాళ్లు

మొగుడు మందుబిళ్లను పెరట్లోకి విసిరేయడం చూసి ఉరుకుందమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నాకు బీపీ యాడుందే? బీపీ మాత్ర నేనెందుకు మింగల్ల?" అన్నాడు పెద్దయ్య.

"బీపీకి కాదయ్యా, నీ గుండెకు, కాళ్ల నరాలకు అని ఆదోని డాక్టరు మూడుసార్లు సెప్పలేదా?"

ఆ మొండిఘటం వింటేనా! పదేళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ పోయింది, గుండె కూడా నీరసించింది. కానీ పెద్దయ్య లెక్క వేరు. నిరుడు మొహర్రం పదో రోజు పీరును భుజానెత్తుకుని నిప్పుల గుండంలో నడిస్తే ఆయనకు చురుక్కుమని కూడా అనలేదు. అంతా పీరు మహిమేనని ఊరు ఊరే ఆయన కాళ్లకు మొక్కింది. వారం తిరక్కుండా ఆ కాళ్లకే బొబ్బలు చీముపట్టి, ఆదోనిలో ఎడమకాలి చిటికెన వేలు తీసేశారు. వేలు పోయింది గానీ ఆయన బింకం పోలేదు.

ఇవాళ మళ్లీ పదో రోజు. పొద్దున్నే తప్పెట్లు మోగాయి. పెద్దయ్య చెప్పులు విడిచేసి గుండం దగ్గరికి బయల్దేరాడు. ఇంకోసారి కాలితే కాలే తీసెయ్యాలని డాక్టరు ముందే చెప్పాడు. ఉరుకుందమ్మ ఆ చెప్పులు చేతబట్టుకుని వెనకే పరుగెత్తింది. పీర్లను చూసుకునే ముజావరు మస్తాన్ వలి అందించిన పీరును పెద్దయ్య భుజాన పెట్టుకునేసరికి, ఆమె వెళ్లి గుండానికి అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరగమ్మా, పీరుకు కోపమొస్తాది," అన్నారెవరో.

"రానీ! ఆ సంగతి నేను సూసుకుంటా," అని మొగుడి వైపు తిరిగింది. "ముప్పై ఏండ్లు నడిచినావు. కాళ్లు సుర్రుమంటాంటే పండ్లు బిగబట్టి నడిచినావు. అదీ మొక్కంటే! నిరుడు నీకేం తెలిసిందని? నొప్పే తెలీనోడు పీరుకు ఇచ్చేదేముందయ్యా? ఉత్త చేతుల్తో వచ్చినట్టే గదా!"

తప్పెట్లు ఆగిపోయాయి. పెద్దయ్య మొహం మాడిపోయింది. చెయ్యి చేసుకుంటాడేమోనని అందరూ బిక్కచచ్చిపోయారు.

"అన్నా, వదిన సెప్పింది న్యాయమే," అన్నాడు మస్తాన్ వలి మెల్లగా.

సెగకు పెద్దయ్య మొహమంతా చెమటలు. కాళ్లు మాత్రం గుండం అంచున, కాలుతున్న నేల మీదే కదలకుండా ఉన్నాయి. అది చూసి ఉరుకుందమ్మకు ఏడుపు ఆగలేదు. పెద్దయ్య కూడా కిందికి చూసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, పీరును మస్తాన్ వలి చేతికిచ్చేశాడు.

"ఏదే, ఆ మాత్ర?"

ఆమె కొంగుముడి విప్పి ఇంకో బిళ్ల ఇచ్చింది. ఊరందరి ముందూ నీళ్లు లేకుండానే మింగేశాడు.

"నాకు బీపీ లేదు. అయినా దినామూ మింగుతా. ఈ కాళ్లు మళ్లా సుర్రుమన్న దినం గుండంలో నడుస్తా. అంతదాకా నాకెవురూ మొక్కద్దండి."

ఉరుకుందమ్మ ఉన్నమాట దాచలేదు. "పోయింది మళ్లా వస్తాదని డాక్టరు సెప్పలేదయ్యా. ఉన్నది నిలుపుకోను సూద్దామన్నాడు, అంతే."

పెద్దయ్య వంగి, కళ్లతో చూసుకుంటూ ఒక్కో కాలూ చెప్పులో దూర్చాడు.

"ఆ డాక్టరు సెప్పకపోతే పాయె. నేను సెప్తాండా, వస్తాది!"