నాగులమ్మ ఇచ్చిన రక్తం

రెండేళ్లుగా రోజారమణి కావలిలోని కాలేజీ ల్యాబులో ఒకే పని పట్టుకుని కూర్చుంది. బోదకాలు తెచ్చే పురుగు ప్రొటీన్లను కంప్యూటర్లో ముక్కలుగా విడదీసి, మనిషి ఒళ్లు ఏ ముక్కను శత్రువుగా గుర్తుపడుతుందో వెతకడం ఆ పని. వేల ముక్కల్లోంచి తొమ్మిది తేలాయి. వాటిని కలిపితే టీకా అవుతుందని ఆశ.

ఆఖరి పరిశీలనలో దెబ్బ తగిలింది. అన్నిటికంటే మెరుగనుకున్న ముక్క మనిషి కండరాల్లోని ప్రొటీన్‌ను అచ్చు గుద్దినట్టు పోలి ఉంది. టీకాలో పెడితే ఒళ్లు తనమీద తానే తిరగబడొచ్చు.

"పత్రికకు వ్యాసం పంపే ముందర ఇదేందమ్మా? పేజీ కింద ఒక మాట రాసి వదిలెయ్," అన్నారు గైడు క్రీస్తురాజు గారు.

"లేదు సార్, తీసేస్తాను."

ఆ సాయంత్రం బస్సులో ఏడ్చింది. మర్నాడు ఎనిమిది ముక్కలతో మళ్లీ మొదలుపెట్టింది. ఐదు నెలలు పట్టింది.

ఇక ఆ ముక్కలను నిజమైన రక్తంతో పరీక్షించాలి. అనుమతులు వచ్చాక నర్సు కరుణాకుమారిని వెంటబెట్టుకుని, వాకాడు దగ్గర తను పుట్టిన బెస్తపల్లెకు వెళ్లింది. ఒక్కరూ ముందుకు రాలేదు.

"మునుపు ఎవరో వచ్చి నెత్తురు తీసుకపోయినారు. ఏం తేలిందో చెప్పినోడు లేడు," అంది మాలకొండమ్మ.

ఆమె పక్కిల్లే రోజారమణి మేనత్త నాగులమ్మది. ఎడమకాలు బోదకాలై, చేపల గంపతో ఊళ్లు తిరగడం మానేసి పదహారేళ్లయింది. వాకిట్లో వల బాగుచేస్తూ అడిగింది.

"ఏందిమే రోజా, నీ సూదిమందుతో నా కాలు తగ్గిపోద్దా?"

రోజారమణి ఆమె పక్కన కూర్చుంది. అవునంటే వీధంతా కదిలొస్తుంది.

"తగ్గదత్తా. ఆ మందు రావడానికే ఏళ్లు పడతాది. రాకనూ పోవచ్చు. వస్తే పిల్లోళ్లకి ఈ జబ్బు అంటకుండా ఉంటాది, అంతే."

 నాగులమ్మ వల పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"ఉన్న మాట చెప్పినావు. తీసుకో. మాలకొండమ్మా, నువ్వూ రా. ముప్పైయేళ్లు నా పక్కనే ఉండావు, నీకీ జబ్బు ఎందుకు రాలేదో చూడనీ."

మధ్యాహ్నానికి నలభై ఒక్క మంది ఇచ్చారు.

అదే ఊళ్లో ఉండి కూడా జబ్బు సోకని వాళ్ల రక్తం ఎనిమిదింటిలో మూడు ముక్కలను శత్రువుగా గుర్తుపట్టి గట్టిగా పట్టుకుంది. మిగతా ఐదూ కొట్టుకుపోయాయి. వ్యాసం పంపకముందే రోజారమణి పల్లెకు వెళ్లి ఆ సంగతి చెప్పింది.

"మూడేనా?" అంది మాలకొండమ్మ.

"మూడే పెద్దమ్మా. ముందు ఎలకల మీద చూడాల. ఆపైన మళ్లీ మీ నెత్తురు కావాల."

"అయితే చేపల వేట లేని రోజు చూసుకుని రా," అంది నాగులమ్మ. "మగోళ్లూ ఇళ్లకాడుంటారు."