ఇనపగాలికి గొంతు కావలెను

ఆ సాయంత్రం బీచ్ రోడ్డు స్టేజీ మీద దేవీప్రసాద్, డేవిడ్ రాజు చెవిలో ఏం చెప్పాడు? నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న గురునాథరావు గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు.

చూసింది మాత్రం తన కళ్ళతోనే చూశాడు. డ్రమ్ములు వాయించేవాడు అందరికీ వెనక కూర్చుంటాడు. జనానికి ముఖాలు కనిపిస్తే అతనికి వీపులు కనిపిస్తాయి. పాట సగంలో ఉండగా, గిటారు వాయిస్తున్న దేవీప్రసాద్ పక్కకు జరిగి, పాడుతున్న డేవిడ్ రాజు భుజం మీదికి వంగాడు. ఏదో చిన్న మాట. అంతే. డేవిడ్ రాజు మైకు స్టాండుకు తగిలించి, స్టేజీ దిగి, జనంలో కలిసిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ బ్యాండు ముఖం చూడలేదు. ఫోన్ చేస్తే కట్ చేసేవాడు.

"ఏటన్నావు బావా ఆడితో?" అని గురునాథరావు అప్పుడే అడిగాడు.

"ఏటీ అన్నేదు. ఆడికి ఒంట్లో బాగోనేదు," అన్నాడు దేవీప్రసాద్, గిటారు సంచీ జిప్పు లాగుతూ. తల మాత్రం ఎత్తలేదు.

దేవీప్రసాద్ ఎవరో కాదు, గురునాథరావు భార్య ధనలక్ష్మికి సొంత అన్న. చిక్కంతా అక్కడే ఉంది. పరాయివాడైతే కాలరు పట్టుకుని అడిగేవాడు. అడిగాక అనుమానం నిజమని తేలితే? స్నేహితుణ్ణి నిండు సభలో స్టేజీ మీద నుంచి గెంటినవాడి వెనక కూర్చుని తను ఇక తాళం వెయ్యలేడు. బ్యాండు పోతుంది. అది పోతే పోయిందనుకున్నా, ధనలక్ష్మికి పుట్టిల్లు పోతుంది. అందుకే శనివారం శనివారం సింహాచలం వెళ్ళి అప్పన్న ముందు నిలబడి, "స్వామీ, నా అనుమానం తప్పని చూపించు" అని వేడుకునేవాడు. నిజం చూపించమని మాత్రం అడిగేవాడు కాదు. ఆ రెండూ ఒకటి కావని అతనికి తెలుసు.

బ్యాండు పేరు ఇనపగాలి. గురునాథరావుకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిన కొత్తలో పుట్టింది. అప్పట్లో డ్రమ్ములు ఉన్నది డేవిడ్ రాజు వాళ్ళ చర్చి హాల్లోనే. గురునాథరావును మొదటిసారి వాటి ముందు కూర్చోబెట్టి కర్రలు పట్టించింది డేవిడ్ రాజే. గిటారు దేవీప్రసాద్ పట్టాడు. బేస్ గిటారు తాతబాబు పట్టాడు. కాలేజీ ఫంక్షన్లు, హోటళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, క్రిస్మస్ సభలు అన్నీ తిరిగారు. సొంత తెలుగు పాటలు కట్టి నెట్‌లో పెట్టారు. జనం వచ్చేది మాత్రం డేవిడ్ రాజు గొంతు కోసమే. ఆ సంగతి మిగిలిన ముగ్గురికీ తెలుసు. దేవీప్రసాద్‌కు అది కాస్త ఎక్కువగా తెలుసేమోనని గురునాథరావు అనుమానం.

డేవిడ్ రాజు బ్యాండు వదిలి వెళ్ళాక కొత్త గొంతు కోసం వెతుకులాట మొదలైంది. మొదట నరేష్ వచ్చాడు. ఫోన్‌లో పంపిన వీడియోలో ఖంగుమని పాడాడు. తీరా గాజువాకలో దేవీప్రసాద్ మేడ మీది రిహార్సల్ గదికి వచ్చేసరికి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. రెండు వారాలు చూసి, "నాకీ పాటలు పడవంకుల్" అని వెళ్ళిపోయాడు. తర్వాత అర్జునరావు. అతనూ అంతే, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలోకి పోయి అక్కడ దర్జాగా పాడుకుంటున్నాడు. మూడోవాడైతే టీ తాగి వస్తానని కిందికి దిగి మరి రాలేదు.

బయట బాగా పాడేవాళ్ళు ఈ గదిలోకి వచ్చేసరికే ఎందుకు మునిగిపోతున్నారు?

గురునాథరావు గమనించింది ఇంకొకటి ఉంది. కొత్తవాడు వచ్చే ముందు దేవీప్రసాద్ గోడ వైపు తిరిగి గిటారు మీద వంగి మరలు తిప్పుతాడు. తాతబాబు అతని వంక చూస్తాడు. అతను తల ఊపుతాడు. అప్పుడు తాతబాబు తన మరలు తిప్పుతాడు. ఇద్దరూ దొంగల్లా ఉంటారు.

"ఏటది?" అంటే, "తీగలు సర్దుకుంటన్నాం బావా. నీకేటి, సర్మం వాయించుకునేవోడివి," అని తాతబాబు నవ్వేవాడు.

ఒకసారి మెట్లెక్కి వస్తుంటే, గదిలో దేవీప్రసాద్ ఒక్కడూ డేవిడ్ రాజు పాట సన్నగా పాడుకోవడం వినిపించింది. గురునాథరావును చూడగానే ఆపేశాడు. అప్పటి నుంచీ అనుమానానికి కాళ్ళొచ్చాయి. వచ్చినవాళ్ళందరినీ తరిమేసి చివరికి తనే మైకు పట్టుకుంటాడు కాబోలు. డేవిడ్ రాజు కథ కూడా అంతేనేమో.

ఒక ఆదివారం అన్నం తింటూ నోరు జారాడు. "మీ అన్నయ్యకి పాడాలని ఉందేటి?"

ధనలక్ష్మి పప్పు గరిట గిన్నెలోనే వదిలేసింది. "సిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పమంటేనే మంచం కిందకి దూరేవోడు. ఆడు జనంలో పాడతాడా? నాలుగేళ్ళ బట్టీ సూత్తన్నాను, మీ కళ్ళు మా అన్నయ్య వీపు మీదే ఉంటన్నాయి. ఏటి, ఆ వీపు మీదేటైనా రాసుందా?"

"ఏటీ నేదు. మజ్జిగ వెయ్యి."

"అడగాల్సింది ఆణ్ణి అడగండి. నన్నడిగితే నాను మజ్జిగే వేత్తాను."

ఆ మధ్యాహ్నమే ఫెబా వచ్చింది. కూర్మన్నపాలెంలో ఉంటుంది, బ్యాంకులో ఉద్యోగం, చర్చిలో పాటలు పాడుతుంది. కోడిగుడ్ల అట్టలు అంటించిన గోడలనూ, జుట్టు పల్చబడిన ముగ్గురు మనుషులనూ చూసి కాసేపు గుమ్మంలోనే ఆగింది.

"రామ్మా, బయపడకు. పేరే ఇనపగాలి, మేం మెత్తగానే ఉంటాం," అన్నాడు తాతబాబు.

"భయం లేదంకుల్. లావుగా ఉంటారనుకున్నాను, అంతే."

గురునాథరావు ఎప్పటిలాగే చెవుల్లో దూది కుక్కుకున్నాడు. ప్లాంటు చప్పుడుతోనే చెవులు సగం పోయాయి, మిగిలిన సగం డ్రమ్ములకు ఇవ్వడం ఇష్టంలేక అలవాటు చేసుకున్నాడు. దేవీప్రసాద్ గోడ వైపు తిరిగాడు. మరలు తిప్పాడు. తాతబాబుకు తల ఊపాడు.

పాట మొదలైంది. ఫెబా నోరు తెరిచింది. గొంతు కిందికి, ఇంకా కిందికి పోయి, చివరికి గాలి మాత్రం మిగిలింది. మళ్ళీ అదే.

కానీ ఫెబా ముందువాళ్ళలా తల దించుకోలేదు. చెయ్యెత్తి పాట ఆపింది.

"అంకుల్, ఒక్క నిమిషం." ఫోన్ తీసి ఇనపగాలి పాత రికార్డింగు పెట్టింది. డేవిడ్ రాజు వయసులో ఉన్నప్పటి గొంతు గది నిండా లేచింది. "ఇది వినే నేర్చుకున్నాను. ఇప్పుడు మీరు మొదటి వరుస ఒక్కసారి వాయించండి."

దేవీప్రసాద్ కదల్లేదు. తాతబాబు నేల చూశాడు.

"ఇదే పాట, కానీ మీరు శ్రుతి చాలా దించేశారు. మగవాళ్ళకే ఇది లోతు. నాకైతే అసలు అందదు." ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడుగుతోంది. "ఇంతకుముందు వచ్చినవాళ్ళు కూడా ఈ శ్రుతిలోనే పాడారా? ఎవరూ చెప్పలేదా మీకు?"

గురునాథరావు చెవుల్లో దూది తీశాడు.

డ్రమ్ములకు శ్రుతి పట్టింపు లేదు. ఇంట్లో పిల్లలు పొడుగైన సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియనట్టు, కొంచెం కొంచెంగా దిగిన శ్రుతి అతనికి తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. తెలిసిన మరుక్షణం అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. గోడ వైపు తిరగడం, తల ఊపడం, మరలు తిప్పడం. అందని శ్రుతిలో పాడించి, పాడలేనివాడని ముద్ర వేసి పంపించడమన్నమాట.

"డేవిడ్ రాజుని కూడా ఇలగే పంపించావా బావా?"

దేవీప్రసాద్ ముఖం తెల్లబోయింది. "నువ్వు అనుకున్నది కాదు."

"మరేటి? ఆ రోజు ఆడి సెవిలో ఏటన్నావో సెప్పు. అదొక్కటీ సెప్పు, సాలు."

"సెప్పలేను."

తెలీదని అనలేదు, ఏమీ లేదనీ అనలేదు. చెప్పలేనన్నాడు. గురునాథరావు కర్రలు డ్రమ్ము మీద పెట్టి లేచాడు. ఫెబా కంగారుగా, "నేనేమైనా తప్పుగా అన్నానా అంకుల్?" అంది.

"నేదమ్మా. నాలుగేళ్ళ కింద నాను అనాల్సింది నువ్వన్నావు," అని అతను మెట్లు దిగాడు.

బండి వన్ టౌన్ వైపు పోతుంటే, కూడబెట్టుకున్న తిట్లన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. సాయంత్రం డ్యూటీ ఉన్న సంగతి గుర్తు రాలేదు. హోల్‌సేల్ కొట్ల సందులో డేవిడ్ రాజు కళ్ళజోళ్ళ షాపు. ఆ సందు దాకా రావడానికి నాలుగేళ్ళూ దడిచాడు. డేవిడ్ రాజు నోటంట బావ పేరు వస్తే ఆ మాట మళ్ళీ వెనక్కి పోదని దడిచాడు.

డేవిడ్ రాజు కౌంటరు వెనక అద్దాలు తుడుస్తున్నాడు. తల ఎత్తి చూశాడు. కాసేపటికి నవ్వాడు.

"దారి తెలిసిందేటి గురూ? నేక సూపు తగ్గిందా?"

ఆ గొంతు విని గురునాథరావు నిలబడిపోయాడు. గరుకు కాగితం మీద గరుకు కాగితం రాసినట్టుంది. అంతకంటే పెద్దగా రావడం లేదు.

"నీ గొంతుకేటైంది?"

"కూర్చో ముందు." స్టూలు జరిపాడు. "ఏటి అడగడానికొచ్చావో అడుగు."

"మా బావ ఆ రోజు నీ సెవిలో ఏటన్నాడు?"

డేవిడ్ రాజు గుడ్డ మడతపెట్టాడు. "ప్రసాదు సెప్పనేదా? ఇన్నాళ్ళూ?"

"సెప్పలేనన్నాడు."

"మా అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను మరి. ఇంత గట్టిగా పట్టుకుంటాడనుకోనేదు." కాసేపు వీధిలోకి చూశాడు. "గొంతులో కాయలు గురూ. అరిసి అరిసి వచ్చినాయి. పై స్థాయి అందడం మానేసి అప్పటికే చాన్నాళ్ళయింది. ప్రసాదుకి సెప్తే, ఆడూ తాతబాబూ నా కోసం తీగలు దించీవోరు. ఓ ఏడాది కొంచెం, మరో ఏడాది మరి కొంచెం. జనానికి తెలీకుండా, నీకు తెలీకుండా."

"నాకెందుకు సెప్పనేదు?"

"నీకు సెప్తే నువ్వు అప్పన్నకి సెప్తావు, ధనలక్ష్మికి సెప్తావు. అప్పన్న ఎవులికీ సెప్పడనుకో."

గురునాథరావుకు నవ్వొచ్చింది. నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఆ రోజు బీచ్‌లో దించిన శ్రుతి కూడా అందనేదు. గొంతు చీలిపోనాది. ప్రసాదు వచ్చి, 'ఆపీరా, మిగతాది నాను గిటారుతో లాగీత్తాను' అన్నాడు. అంతే అన్నాడు." డేవిడ్ రాజు గొంతు పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలైంది. "తిట్టుంటే పాడీవోణ్ణి గురూ. జాలిపడ్డాడు. అక్కడ ఇంక నిలబడలేకపోయాను. తరవాత ఆపరేషన్ అయింది. పాడొద్దన్నారు."

నాలుగేళ్ళు. దేవుణ్ణి వారం వారం అడిగాడు గానీ, ఈ మనిషిని ఒక్కసారైనా వచ్చి అడగలేదు. పైన స్వామి విసుక్కున్నాడో, నవ్వుకున్నాడో. గురునాథరావు ముఖం తుడుచుకున్నాడు.

"మరి ఇంకా ఎందుకు దించీ ఉంచాడు? వచ్చినోళ్ళందర్నీ ఆ శ్రుతిలోనే ముంచేశాడు."

డేవిడ్ రాజు చేతిలో గుడ్డ కింద పెట్టాడు. "ఇంకా దించీ ఉంచాడా?"

అతనికి తెలియదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దించిన తీగలు బిగిస్తే, డేవిడ్ రాజు ఇక రాడని ఒప్పుకున్నట్టే. దేవీప్రసాద్ అది ఒప్పుకోలేదు. అవతల కొత్తవాళ్ళ గొంతులు మునుగుతున్నా, ఇవతల చెల్లెలి భర్త కళ్ళు వీపును పొడుస్తున్నా ఒప్పుకోలేదు.

డేవిడ్ రాజు ఫోన్ తీశాడు. అవతల ఎత్తగానే, "ఒరే ప్రసాదూ, నానే," అన్నాడు. "గురు నా షాపులోనే ఉన్నాడు. అంతా సెప్పీసాను, ఒట్టు తీసి గట్టు మీద పెట్టీ. ఇను, నాను రానురా. పాడను. తీగలు బిగించీ. వచ్చినోళ్ళని ఆళ్ళ శ్రుతిలో పాడనీ."

అవతల ఏదో అన్నట్టున్నాడు. "ఏడవకు, గిటారు తడుత్తాది," అని డేవిడ్ రాజు ఫోన్ పెట్టేశాడు. తర్వాత తన కళ్ళజోడు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ తుడిచాడు.

గురునాథరావు లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగు. నీకు నాను ఓటి బాకీ ఉన్నాను."

"నాకేటి బాకీ?"

"డిసెంబరు వస్తే మా క్రిస్మస్ కేరల్స్‌కి డ్రమ్ము మెడకి తగిలించుకుని సందు సందూ తిరిగీవోడివి. బదులుగా నీతో ఓసారి సింహాచలం మెట్లెక్కుతానని మాటిచ్చాను. ఏటేటా ఏదో ఒకటి సెప్పి తప్పించుకున్నాను. మొదటేడు నువ్వు కింద కాసుకుని కూర్చున్నావంట కూడాను."

"అదా! నాను మర్సిపోయాను."

"నాను మర్సిపోనేదు. గుళ్ళోకి రాను, దణ్ణం పెట్టను. మెట్లు మట్టుకు ఎక్కుతాను. పాస్టరు గారితో నాను మాటాడుకుంటాను."

రెండు రోజుల తర్వాత గాజువాక మేడ మీద తీగలు బిగిస్తుంటే పాతది ఒకటి టప్పున తెగింది. దేవీప్రసాద్ కొత్తది వేశాడు. ఈసారి గోడ వైపు తిరగలేదు. గురునాథరావు పక్కన నిలబడి, "బావా, నీ మీద సాలా అనుకున్నాను," అన్నాడు.

"తెలుసు. నాలుగేళ్ళ బట్టీ నీ డ్రమ్ముల్లో ఇనపడతానే ఉంది," అన్నాడు దేవీప్రసాద్. "నా వీపు వాయగొట్టీసావు."

ఫెబా పాడింది. డేవిడ్ రాజులా పాడలేదు. పాటలో ఎవరూ అనుకోని చోట గొంతు ఎత్తింది. తాతబాబు వాయించడం మరచిపోయి తిట్లు తిన్నాడు.

ఆ శనివారం డేవిడ్ రాజు చెప్పినట్టే సింహాచలం కొండకు అడివివరం వైపు మెట్ల దగ్గరికి వచ్చాడు. సగం ఎక్కేసరికి ఆయాసంతో అనాసపళ్ళ బుట్ట పక్కన కూలబడ్డాడు. పళ్ళమ్మి, "ఏటి బాబూ, మొక్కా?" అని అడిగింది.

"కాదమ్మా, బాకీ," అన్నాడు డేవిడ్ రాజు.

ఆమె జాలిగా చూసి ఒక ముక్క చేతిలో పెట్టింది. తిని లేచాడు. ఆగుతూ, తిట్టుకుంటూ, గురునాథరావు భుజం పట్టుకుంటూ పై దాకా ఎక్కాడు. గుడి బయట చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకున్నాడు.

"ఎల్లిరా. సెప్పులు నాను సూత్తాను."

గురునాథరావు దర్శనం చేసుకుని వచ్చేసరికి డేవిడ్ రాజు రెండు జతలూ పక్కపక్కన పెట్టుకుని, కొండ కింది ఊరిని చూస్తున్నాడు. కళ్ళు తిప్పకుండానే గరగర గొంతుతో అడిగాడు.

"తీరిందా?"

"తీరింది."

"అయితే దిగడం బస్సులో."