సరుగుడు వేళ్ళ పక్కన నీడ

తుఫాను వెలిసి మూడు రోజులైనా స్టూడియో నేల మీది బురద వదల్లేదు. ఆమె గీకేకొద్దీ వస్తూనే ఉంది. భర్త కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని అదిగో ఆ మూల, ఇదిగో ఈ మూల అని చూపిస్తున్నాడు. చూపించడం కూడా పనే అనుకునే మనిషి. పదమూడేళ్ళుగా అతను ఫొటోలు తీస్తాడు, ఆమె వెనక చీకటిగదిలో వాటిని కడుగుతుంది. కడగడమంటే ఊరికే కడగడం కాదు. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, ముసలివాళ్ళ ముడతలు, పెద్దమనుషుల రెండో గడ్డాలు ఆమె చేతిలోనే మాయమవుతాయి. బోర్డు మీద పేరు మాత్రం అతనిదే. "నీడపట్టున కూర్చుని చేసే పనేగా, నీకేం కష్టం?" అనేది అత్తగారు. ఆ నీడపట్టులోనే మందునీళ్ళకు ఆమె గోళ్ళు పసుప్పచ్చగా మారిపోయాయి. ఒకసారి ఆ చేత్తో వడ్డించబోతే మామగారు కంచం పక్కకు జరుపుకున్నారు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

బురద కడగడానికి నీళ్ళు చాల్లేదు. కొళాయిలు పనిచేయక ఒడ్డు దగ్గర ట్యాంకరు ఆపుతున్నారంటే బకెట్టు పట్టుకుని బయల్దేరింది. బురదలో ఎక్కడా పెట్టలేక కెమెరా అప్పటికే మెడలో వేసుకుంది, తీయడం మరిచి అలాగే వెళ్ళిపోయింది. గుర్తింపు కార్డుల ఫొటోలకు వాడే నలుపు తెలుపు రీలు అందులో సగం మిగిలి ఉంది. ఒడ్డున చూస్తే సరుగుడు తోట లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, సముద్రం ఎవరి మీది కోపమో చెట్ల మీద తీర్చుకుంది. అన్నిటికన్నా పెద్ద చెట్టు వేళ్ళతో సహా పైకి లేచి పడి ఉంది. దానికి ఇన్ని వేళ్ళున్నాయని పడ్డాక గానీ ఎవరికీ తెలియలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బకెట్టు మోచేతికి తగిలించుకుని, కెమెరా కంటికి ఆనించి, జీవితంలో మొదటిసారి మీట నొక్కింది. రీలు అయిపోయేదాకా నొక్కుతూనే ఉంది.

కడిగి చూపిస్తే రీలు తగలేశావని భర్త చీవాట్లు పెట్టాడు. రెండు వారాలకు కరెంటు వచ్చింది, దాంతోపాటు టౌన్ హాల్లో తుఫాను ఫొటోలు ప్రదర్శిస్తారన్న కబురూ వచ్చింది. తగలేసిన రీలు జేబులో వేసుకుని వెళ్ళాడు. హాలు వాళ్ళకు పెద్ద చెట్టు ఫొటో నచ్చింది. కింద పెట్టే చీటీ మీద అతని పేరు అచ్చేయించారు. సొమ్మొకడిది, సోకొకడిది. కెమెరా నాది, రీలు నాది, పని నేర్పింది నేను, మరి ఫొటో ఎవరిదవుతుందని అతను న్యాయం చెప్పాడు. నేర్పింది ఎప్పుడో ఆమెకు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అత్తగారైతే కొడుకు తుఫానులో ప్రాణాలకు తెగించాడని వీధంతా చెప్పి వచ్చింది.

పెద్ద ప్రింటు వేయాల్సిన రోజు అతను నెగటివును కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఈ మూల ఇసక మీద ఎవరిదో నీడ పడింది. బొమ్మంతా చెడిపోతోంది, తీసెయ్."

"అది నా నీడండీ."

"అందుకే తీసెయ్యమంటున్నా. ఈ ఆడమనిషెవరని చూసినవాళ్ళు అడగరూ?"

అన్ని ముఖాల మీది మచ్చలూ చెరిపిన మనిషికి ఇప్పుడు చెరపడానికి తానే మిగిలింది.

తుఫానుకు తడవకుండా పెద్ద ఫొటో కాగితం ఒక్కటే మిగిలింది. చెడగొడితే ఇంకోటి లేదు. చీకటిగదిలో ఎర్రబల్బు కింద ఆ కాగితం పరిచి, పైనుంచి నెగటివు గుండా దీపం వెలిగించింది. వెలుగు పడినచోట కాగితం నల్లబడుతుంది, చెయ్యి అడ్డం పెడితే తెల్లగా మిగిలిపోతుంది. పదమూడేళ్ళ అలవాటు కదా, చెయ్యి తనంతట తానే వెళ్ళి ఆ మూలకు అడ్డం నిలిచింది. ఇరవై దాకా లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు.

"అయిందా? హాలు వాళ్ళ మనిషి వచ్చి కూర్చున్నాడు," అని బయటనుంచి భర్త.

"అవుతోంది," అంది.

నెగటివులో నీడ తెల్లగా ఉంటుంది. బకెట్టు తగిలించుకున్న తెల్లటి మనిషి ఒకతె, పసుప్పచ్చ గోళ్ళున్న ఆ చేతి మీదే పడి నిలబడింది. కాగితం మీదికి దిగడానికి దారి లేక అక్కడే ఆగిపోయింది. ఆపుతున్నది ఎవరో ఆమెకు కనిపించింది.

చెయ్యి తీసేసింది.

ఇరవై దాకా లెక్కపెట్టాక, మిగతా బొమ్మకంతా అట్టముక్క అడ్డం పెట్టి, ఆ నీడ ఒక్కదానికే ఇంకో పది లెక్కపెట్టింది. తొందరపడలేదు. తలుపు అవతల భర్త ఏదో అంటున్నాడు. కాగితాన్ని మందునీళ్ళలోకి జార్చి ట్రేను మెల్లగా ఊపింది. చెట్టు కన్నా ముందు, సముద్రం కన్నా ముందు, ఆమె వచ్చింది.