ఏడో పుస్తకం

అట్ట మెత్తగా ఉన్న పుస్తకంతో కొడితే చప్పుడెక్కువ, నొప్పి తక్కువ. పిల్లల బొమ్మల పుస్తకాలు ఈ రకం. నవలలు భుజానికి తగిలి నాలుగు రోజులు నల్లగా కమిలి ఊరుకుంటాయి. గట్టి అట్ట వేసిన లావు పుస్తకాలతోనే చచ్చే చావు, వాటికి మూలలుంటాయి. కొత్తగా వచ్చిన పుస్తకం ఏ వయసు వాళ్ళకి, ఎలాంటి అభిరుచి వాళ్ళకి నప్పుతుందో చెప్పడం నా ఉద్యోగం. ఏది ఒంటికి ఎలా తగులుతుందో తెలుసుకోవడం నా కాపురం.

నేను పనిచేసేది లైబ్రరీలో. నెలకోసారి కొత్త పుస్తకాల కట్ట వస్తుంది. దాన్ని ఇంటికి మోసుకెళ్ళి, కూరలు తరుగుతూ, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, అత్తగారి మోకాళ్ళకి నూనె రాస్తూ, పేజీ ఎగరకుండా పక్కన గరిటె పెట్టుకుని మరీ చదివేస్తాను. ఆఖరి శనివారం పదకొండింటికి హాల్లో ఓ నలభై మంది చేరతారు. ఒక్కో పుస్తకం పైకెత్తి ఇది ఎవరికో చెబుతాను. కుదురుగా కూర్చోని ఏడేళ్ళ పిల్లకి పురుగుల బొమ్మల పుస్తకం. మందుల షాపాయనకి, హంతకుడెవరో ఆఖరిదాకా తేలని నవల. భర్త పోయాక ఏ పుస్తకమూ పట్టని హెడ్మిస్ట్రెస్ గారికి, ఏడిపించకుండా నవ్వించే ప్రయాణాల పుస్తకం. వారం తిరక్కుండా వచ్చి ఇలాంటిదే ఇంకోటి ఉందా అని అడుగుతారు. ఆ గంట సేపు నేనూ ఒక మనిషిననిపిస్తుంది.

మా ఆయన బ్యాంకులో గుమాస్తా. ప్రతి నెలా ముందు వరుసలో కూర్చుంటారు. ఎంత ప్రేమో అని, సభ తప్పకుండా వచ్చే టైలరమ్మ మురిసిపోతుంది. ఆయన వచ్చేది పుస్తకాల కోసం కాదు, నేను ఎవరి వైపు చూసి నవ్వానో లెక్కపెట్టుకోవడానికి. పోయిన నెల మందుల షాపాయన, ఈ అమ్మాయి చెప్పిందంటే కళ్ళు మూసుకుని తీసుకెళ్ళొచ్చు అన్నాడు. పాపం, మంచి మాటే అన్నాడు. ఆ ఒక్క మాటకి ఈ నెలంతా దెబ్బలు తిన్నాను. వాడికి నువ్వెందుకు నచ్చావు, ఏం ఇస్తున్నావు, కళ్ళు ఎందుకు మూసుకుంటాడట అని ఒకటే సాధింపు. అత్తగారైతే, చదివే పెళ్ళాన్ని తెచ్చుకోవద్దని ఆనాడే నెత్తీనోరూ బాదుకున్నానని ఆయన్ని దెప్పేవారు. నన్నేమీ అనేవారు కాదు. నేను వింటూ ఉండగా ఆయనతో అనేవారు.

ఇవాళ పొద్దున ఏడున్నరకి ఆయనే రాజీనామా కాగితం రాసి తెచ్చారు. సంతకం పెట్టు, ఇదే చివరిసారి అని సభలో నువ్వే నవ్వుతూ చెప్పు అన్నారు. పెట్టను అన్నాను. బల్ల మీద గృహవైద్యం పుస్తకం ఉంది, ఎనిమిది వందల పేజీలు. మొదటి దెబ్బకి కనుబొమ చిట్లింది. రెండోదానికి పన్ను కదిలింది. మూడోది ఎక్కడ తగిలిందో నాకు తెలియదు, నేను నేల మీద ఉన్నాను. జుట్టు పట్టి లేపి, పెన్ను నా వేళ్ళ మధ్య ఇరికించి, పెట్టే దాకా వేళ్ళని నొక్కారు. పెట్టాను. అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూశారు.

"మొహం మీద ఎందుకురా? నలుగురిలోకి వెళ్ళాల్సిన మనిషి."

అంతే అన్నారు. వెళ్ళి టీ పెట్టుకున్నారు. ఆయన తడిగుడ్డతో అట్ట శుభ్రంగా తుడిచి, దాంతో కలిపి ఈ నెల వచ్చిన ఏడు పుస్తకాలూ సంచిలో సర్ది, బాత్రూంలో జారిపడ్డానని చెప్పు అన్నారు. సంచి కూడా ఆయనే మోశారు.

హాల్లో అందరూ అయ్యో అయ్యో అన్నారు. జారిపడ్డానన్నాను. ఆరు పుస్తకాలు ఎలా చెప్పానో నాకే తెలియదు. నాలుక పంటికి తగిలినప్పుడల్లా ప్రాణం పోతోంది. నవ్వులు కూడా వచ్చాయి, పురుగుల పుస్తకానికి పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయన చొక్కా జేబులోంచి కాగితం కనబడుతోంది. ఇంకొక్క పుస్తకం, ఆ తర్వాత చివరిసారి అన్న మాట, ఆ తర్వాత ఆ ఇల్లు, ఆ నాలుగ్గోడలు, ఇక బయటికి దారే లేదు.

ఏడోదాన్ని ఎత్తాను. అట్ట తళతళలాడుతోంది. పక్కకి తిప్పితే కాగితాల అంచులన్నీ ఎర్రగా ఉన్నాయి. జన్మలో ఒక్క పుస్తకం తెరవని మనిషి కదా, అట్ట తుడిస్తే సరిపోయిందనుకున్నారు. కాగితం నెత్తురు పీల్చుకుంటుందని ఆయనకి తెలియదు. నాకు భయం ఉందా పోయిందా అని కూడా చూసుకోలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఇది గృహవైద్యం. వాపులు తగ్గే చిట్కాలు మూడు వందల నలభయ్యో పేజీలో ఉన్నాయి. ఈ అంచుల మీద ఉన్నది నా నెత్తురు. పొద్దున దీంతోనే మా ఆయన నన్ను మూడుసార్లు కొట్టారు."

దీనికి మతి పోయింది అంటూ ఆయన లేచి, కాగితం లైబ్రేరియన్ గారి చేతిలో పెట్టారు. మనసు బాగాలేక తనే మానేస్తోందట. ఆ సంతకం నాదే, వేళ్ళు నొక్కి పెట్టించారు, దాన్ని చించేయండి అన్నాను. అప్పుడు కొట్టారు. నలభై మంది ముందు, అరచేత్తో, చెవి గింగురుమనేలా. ఇంట్లో అయితే కొట్టేముందు కిటికీలు మూస్తారు, ఇవాళ ఆ ధ్యాసే లేకపోయింది. రెండోసారి ఎత్తిన చేతిని మందుల షాపాయన పట్టుకున్నాడు. టైలరమ్మ ఆయన కాలర్ పట్టుకుని కుర్చీలో కూలేసింది. పిల్లలు ఏడుస్తున్నారు.

హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి, కింద పడ్డ పుస్తకాన్ని అంచులు తగలకుండా చీర చెంగుతో ఎత్తారు. ఈ పుస్తకం నా పేరు మీద రాయమ్మా, సాక్ష్యంగా పోలీస్ స్టేషన్‌కి నేను తీసుకెళ్తాను, నువ్వు కాస్త కూర్చో అన్నారు.

కూర్చోలేదు. పుస్తకం తీసుకుని లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టాను. ఆ సారు రాజీనామా కాగితాన్ని రెండుగా చించి, రిజిస్టర్ తెరిచి, ముప్ఫయ్యేళ్ళ అలవాటు కొద్దీ తిరిగిచ్చే తేదీ ఏం రాయమంటావమ్మా అని అడిగారు.

"నా పేరు మీద రాయండి సార్, స్టేషన్‌కి నేనే తీసుకెళ్తాను. తేదీ ఖాళీగా ఉంచండి. ఆ ఇంటికి నేను తిరిగి వెళ్ళను."