గీత అవతల స్టూలు

మా అత్తగారికీ మామగారికీ ఏ పనైనా ఇద్దరూ కలిసి చేస్తేనే చేసినట్టు. మా బేకరీ పొయ్యికి కట్టెలు కొట్టడమూ అంతే. నలభై ఏళ్లుగా ఆవిడ దుంగ మీద ఇనుప చీల నిలబెట్టి పట్టుకుంటే, ఆయన సమ్మెటతో కొట్టేవారు. చీల కాస్త దిగాక ఆవిడ చెయ్యి తీసి ‘ఊఁ’ అనేవారు. అప్పుడుగానీ ఆయన గట్టి దెబ్బ వేసేవారు కాదు. మధ్యమధ్యలో పోట్లాట మామూలే.

మామగారి నడుము పట్టేసిందని నేనే కరెంటు మెషిన్ కొన్నాను. దుంగని పడుకోబెడితే వెనకనుంచి ఇనుప పలక తోస్తుంది, ముందున్న పదునైన మొన చీలుస్తుంది. ఒక చేత్తో లివరు, ఇంకో చేత్తో బటన్ పట్టి ఉంచితేనే కదులుతుంది. ఏ చెయ్యి వదిలినా ఆగిపోతుంది. ఈ ముక్క నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా నయమే.

రెండో రోజే పెరట్లో మెషిన్ చప్పుడు వినిపించి కిటికీలోంచి చూశాను. బటన్ మామగారు నొక్కుతున్నారు, లివరు అత్తగారు పట్టుకున్నారు. సంసారం పంచుకున్నట్టు పని పంచుకున్నారన్నమాట! ఆయన రెండో చెయ్యి నడుం మీదుంది, సరే. ఆవిడ రెండో చెయ్యి మాత్రం పాత అలవాటు కొద్దీ దుంగ కదలకుండా పట్టుకుని ఉంది. సమ్మెట ఆ చేతి కోసం ఆగేది. మెషినుకి అంత మొహమాటం ఎక్కడిది?

నేను అరుస్తూ పరిగెత్తేలోపే, ముడి ఉన్న దుంగ పక్కకి తిరిగింది. అత్తగారి గ్లౌజు కొస మొన దగ్గర ఇరుక్కుంది. ఆవిడ కెవ్వుమన్నారు. వదిలెయ్యాల్సింది పోయి, కంగారులో ఇద్దరూ ఇంకా గట్టిగా పట్టుకున్నారు. నేను ప్లగ్గు ఊడబీకాను.

గ్లౌజు మామగారిది కాబట్టి వదులు. చెయ్యి జారి బయటికొచ్చింది. నేను ఒక్కో వేలూ పట్టుకుని లెక్కపెట్టాను. అయిదూ ఉన్నాయి. రోజూ మా బేకరీ పిండంతా పిసికే చెయ్యి అది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“ఇది ఒక్కళ్లు చేసే పని! రెండు చేతులకీ పని పెట్టిందే వేళ్లు అటు పోకుండా ఉండాలని! ఇంకోసారి ఇద్దరూ కలిసి ముట్టుకున్నారంటే రేపే అమ్మేస్తా!”

“అమ్మేసెయ్,” అన్నారు అత్తగారు. “ఆయనొక్కరూ ఇక్కడ పని చేస్తుంటే నేను లోపల ఈగలు తోలుకుంటూ కూర్చోవాలా?”

మామగారు చిరిగిన గ్లౌజునే చూస్తున్నారు. “మీ అత్త పక్కన లేకపోతే నాకు చెయ్యాడదమ్మా,” అన్నారు మెల్లగా.

నా కోపం సగం అక్కడే దిగిపోయింది. లోపల్నుంచి సుద్దముక్క తెచ్చి, మెషిన్ చుట్టూ మూడడుగులు వదిలి గీత గీశాను. గీత అవతల ఒక స్టూలు వేశాను. పది దుంగలు ఒకరు, పది దుంగలు ఇంకొకరు. వంతు లేనివాళ్లు స్టూలు మీద. ఎవరైనా గీత దాటితే మెషిన్ మీదున్నవాళ్లు రెండు చేతులూ పైకెత్తెయ్యాలి. నోటికి మాత్రం గీత లేదు, ఎంతైనా పోట్లాడుకోవచ్చు.

వారం గడిచింది. స్టూలు మీంచి మామగారు సలహాల మీద సలహాలు విసురుతున్నారు, అత్తగారు చీలుస్తూనే ఒక్కోదాన్నీ తిప్పికొడుతున్నారు. నేను టీ పట్టుకుని, పిండి సంగతి అడుగుదామని దగ్గరికెళ్లాను.

మెషిన్ టక్కున ఆగింది.

“గీత గీసిన మనిషికి గీత కనబడదా?” అత్తగారు రెండు చేతులూ పైకెత్తి కళ్లెర్రజేశారు. “కళ్లు నెత్తికెక్కాయా?”

“వెనక్కెళ్లమ్మా, నా వంతు ఆలస్యమవుతోంది,” అన్నారు స్టూలు మీంచి మామగారు.

చూసుకుంటే నా కాలు గీత లోపలుంది. ఆవిడ చేత తిట్లు తినడం నాకు కొత్త కాదు గానీ, తిన్నందుకు ఇంత సంతోషం కలగడం అదే మొదలు. ఈసారి నేను వేళ్లు లెక్కపెట్టలేదు. పైకెత్తిన చేతులకి పదీ కనబడుతూనే ఉన్నాయి. టీ పట్టుకుని గీత ఇవతలికి వచ్చి నిలబడ్డాను.